తొంభై సెకన్లు

అనీసా పనిచేసే కంపెనీలో డెబ్బై వేల మంది ఉన్నారు. ఉద్యోగంలో చేరిన రోజు చూపించిన వీడియోలో ఆ లెక్క విన్నది. ఆ తర్వాత ఐదేళ్ళలో ఆమె ఎదురెదురుగా కూర్చుని మాట్లాడింది మాత్రం ఓ నలభై మందితో. ఆఫీసు బెంగుళూరులో. నెలకు ఆరు రోజులు బస్సెక్కి పోయి అక్కడ కనిపించి రావాలి. మిగతా రోజులు చిత్తూరులో సొంతింటి మేడ మీద చిన్న గదిలో, వీడియోలో మొహం వెలుతురుగా పడాలని కిటికీ వైపు తిరిగి కూర్చుని పనిచేసేది. కింద వాళ్ళ నాన్న గౌస్ మొహిద్దీన్ కుట్టుమిషన్లు బాగుచేసే అంగడి. పొద్దున తొమ్మిదిన్నరకు కింద షట్టర్ లేచేది, పైన ల్యాప్‌టాప్ తెరుచుకునేది.

"నీ పని ఏంది బేటీ, ఒక్క ముక్కలో చెప్పు" అని ఆయన అప్పుడప్పుడూ అడిగేవాడు. అంగడికి వచ్చినవాళ్ళు అడిగితే చెప్పాలి కదా. అనీసా రెండు మూడుసార్లు ప్రయత్నించింది.

"ఒక జ్యూస్ కంపెనీ ఉండాది అబ్బా. దాని ఫ్యాక్టరీ గేట్ల కాడ కంప్యూటర్లు ఉంటాయి. వాటిల్లో నడిచే దాంట్లో ఒక చిన్న భాగం నాది."

"గేటు తెరిచేదా?"

"కాదు. తెరవచ్చా లేదా అని అడిగేది."

ఆయన తల ఊపి మిషన్ కిందికి వంగేవాడు. వచ్చినవాళ్ళతో మాత్రం "కంప్యూటర్ కంపెనీ, బెంగుళూరు" అని ఊరుకునేవాడు.

ఆ చిన్న భాగం ఇదీ. పండ్ల లోడు ఫ్యాక్టరీ గేటుకు వస్తుంది. గుమాస్తా కంప్యూటర్‌లో రైతు పేరు, టోకెన్ నంబరు ఎక్కిస్తాడు. రైతు ఫోనుకు నాలుగంకెల ఓటీపీ పోతుంది. రైతు ఆ అంకెలు చెప్తే గుమాస్తా కొడతాడు, లోడు లోపలికి పోతుంది. ఈ కాయలు ఈ రైతువే అనడానికి అదే రుజువు. మూడు రాష్ట్రాల్లో ఇట్లాంటి గేట్లు పద్నాలుగు. క్లయింట్ వివరాలు బయటికి పోకూడదని ఊళ్ళ పేర్లు తీసేసి అంకెలు పెట్టారు కాబట్టి, అనీసాకు అవి సైట్ ఒకటి, సైట్ రెండు, సైట్ పద్నాలుగు. మూడేళ్ళుగా ఆ పద్నాలుగు వరసలూ రోజూ ఆమె కళ్ళ ముందు ఉంటాయి. ఏది ఏ ఊరో అడగాలని ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

ఓటీపీ తొంభై సెకన్లు చెల్లుతుంది. ఆ తొంభై ఆమె పెట్టిందే. ఆ భాగం రాసే రోజుల్లో, ఎంతసేపు చెల్లాలో డాక్యుమెంటులో రాసి లేదు, గడి ఖాళీగా ఉంది. ఎంత పెట్టమంటారని మెయిల్ రాసింది. రెండు రోజులు జవాబు రాలేదు. మూడో రోజు మధ్యాహ్నం తొంభై అని కొట్టి భోజనానికి కిందికి దిగింది. పరీక్షించే టీము తొంభై ఒకటో సెకనుకు ఓటీపీ చెల్లకుండా పోతోందా అని చూసి, పోతోందని సరే అంది. అంతే. ఇంకెవరూ ఆ మాట ఎత్తలేదు.

జూన్ రెండో వారంలో ఒక గురువారం ఆమెకు టికెట్ వచ్చింది. పని అప్పగించే చీటీని వాళ్ళు అట్లా అంటారు. మోసాలు కనిపెట్టే టీము పంపింది. సైట్ ఏడులో పదమూడు వందల ఎనభై ఆరు మంది రైతుల పేర్ల కింద ఒకటే ఫోన్ నంబరు ఉంది. ఇది కచ్చితంగా మోసమే. కాబట్టి ఒక నంబరు ఐదుగురు రైతులకు మించి ఉండకుండా ఆపే రూల్ పెట్టాలి. వచ్చే బుధవారానికల్లా పెట్టాలి, ఆడిట్ ఉంది.

పని చిన్నదే. ఆమెను కాస్త ఇబ్బంది పెట్టింది ఇంకోటి. పద్నాలుగు సైట్లలోనూ గేటు పని అన్నింటికంటే వేగంగా జరిగేది సైట్ ఏడులోనే. ఓటీపీ పంపినప్పటి నుంచి కొట్టేదాకా సగటున ఇరవై నాలుగు సెకన్లు. మిగతా చోట్ల ఎనిమిది, పది, పదకొండు నిమిషాలు, మధ్యలో ఒకటి రెండుసార్లు ఓటీపీ మళ్ళీ పంపుకోవడం. మే నెలాఖరులో జరిగిన పెద్ద మీటింగులో వాళ్ళ మేనేజర్ యోగానంద సైట్ ఏడును ఆదర్శంగా చూపించాడు కూడా. మన సిస్టమ్‌ను సరిగ్గా వాడితే ఇట్లా ఉంటుంది అన్నాడు. చప్పట్లు కొట్టారు.

టికెట్‌తో పాటు వచ్చిన పట్టికలో నంబరు మధ్య అంకెలు దాచాలి. ఎవరో మర్చిపోయినట్టున్నారు, నంబరు మొత్తం కనిపిస్తోంది. అనీసా కాసేపు దాని వంక చూసింది. అట్లా ఫోన్ చెయ్యడం తప్పని ఆమెకు తెలుసు. ఏడాదికొకసారి దాని మీద పరీక్ష కూడా పెడతారు, పోయిన నెలే పాసయింది. తన ఫోను తీసి కొట్టింది.

"ఏ బండి నాయనా? నంబరు సెప్పు" అంది అవతలి నుంచి ఒక ఆడగొంతు.

అనీసా నోరు తెరిచేలోపే ఆ గొంతే మళ్ళీ అందుకుంది.

"ఇంకా రాలేదప్పా. వస్తే పలక మీద రాస్తా గదా. పెనం మీద దోసె ఉండాది, పెట్టెయ్."

"అమ్మా, అమ్మా, ఒక నిమిషం. మీరు ఎవురు మాట్లాడేది?"

"ఆడమనిషా? నేను కుప్పమ్మను మా. జ్యూస్ ఫ్యాక్టరీ గేటు కాడ దోసెలంగడి. నువ్వెవురు?"

"ఏ ఊళ్ళో ఫ్యాక్టరీ?"

"ఏ ఊరేంది? బంగారుపాళ్యం. హైవే మీద."

అనీసా ఫోన్ పెట్టేసి కుర్చీలో వెనక్కి వాలింది. బంగారుపాళ్యం ఆ ఇంటి నుంచి ఇరవై అయిదు కిలోమీటర్లు ఉంటుంది. నెలనెలా ఆమె పోయే బెంగుళూరు బస్సు ఆ గేటు ముందు నుంచే పోతుంది. మామిడికాయల కాలంలో ఆ చోటికి రాగానే బస్సంతా మాగిన కాయల వాసన వస్తుంది. ఎన్నిసార్లు కిటికీ మూసిందో.

ఆదివారం పొద్దున స్కూటీ బయటికి తీస్తుంటే గౌస్ మొహిద్దీన్ ఎక్కడికని అడిగాడు. చెప్పింది. ఆయనకూ బంగారుపాళ్యంలో ఒక టైలరు మిషన్ చూసే పని ఉంది. సంచిలో పానాలు, నూనె డబ్బా వేసుకుని వెనక కూర్చున్నాడు.

ఫ్యాక్టరీకి రెండు కిలోమీటర్ల ముందే వరస మొదలైంది. సర్వీసు రోడ్డు పక్కన ట్రాక్టర్లు, మినీ లారీలు ఒకదాని వెనక ఒకటి, అన్నింటి నిండా తోతాపురి కాయలు. అడుగు కాయలు నలిగి రసం తారు మీదికి కారుతోంది, దాని మీద ఈగలు. లారీల కింద నీడలో డ్రైవర్లు గోనెపట్టాలు పరుచుకుని పడుకున్నారు. గేటు ఎదురుగా టార్పాలిన్ కట్టిన అంగడి. గుంజకు నల్లరంగు పూసిన చెక్కపలక వేలాడుతోంది. దాని మీద సుద్దముక్కతో వరసగా అంకెలు రాసి ఉన్నాయి, కొన్ని కొట్టేసి ఉన్నాయి.

కుప్పమ్మకు యాభై దాటి ఉంటాయి. సత్యవేడు పక్క పల్లె ఆమెది, మాటల్లో మధ్య మధ్య తమిళం దొర్లుతుంది. సీజనుకు మూడు నెలలు ఇక్కడ అంగడి పెడుతుంది. మొన్న ఫోన్ చేసింది నేనేనని అనీసా చెప్పగానే ముందు ఇద్దరికీ దోసెలు వేసింది.

"తిను ముందు. నాయనా, నువ్వు కూడా కూసో" అంది గౌస్ మొహిద్దీన్‌తో.

వాళ్ళు తింటుండగానే జాకెట్టు పక్కన దోపుకున్న ఆమె బటన్ ఫోను కూతపెట్టింది. కుప్పమ్మ గరిటె పెట్టేసి, ఫోను చూసి, సుద్దముక్క తీసి పలక మీద టోకెన్ నంబరు, పక్కనే నాలుగంకెలు రాసింది. గేటు పక్క కిటికీలో నుంచి ఒక మనిషి తొంగి చూసి వెనక్కి పోయాడు. గేటు కడ్డీ లేచింది. ఒక ట్రాక్టరు లోపలికి పోయింది. కుప్పమ్మ ఆ వరస కొట్టేసి దోసె తిప్పింది. అది మాడను కూడా లేదు.

అనీసా చెయ్యి అట్లాగే ఆగిపోయింది. ఆ మెసేజి ఆమె రాసిందే. టోకెన్ నంబరు ముందు రావాలా, ఓటీపీ ముందు రావాలా అని ఒకరోజంతా టీములో ముగ్గురు వాదించుకున్నారు.

"ఆయమ్మ రాసేది నువ్వు పంపిస్తావుండేదా?" అని గౌస్ మొహిద్దీన్ అడిగాడు.

"నేను కాదు, నేను రాసింది పంపిస్తాది."

"ఓహో" అన్నాడు ఆయన, పలక వైపే చూస్తూ. "బాగుండాది. ఇప్పుడు అర్థమయింది."

గేటు గుమాస్తా పేరు మునిశేఖర్, ముప్పై ఏళ్ళవాడు. ప్రతి సీజనుకూ మూడు నెలల కాంట్రాక్టు మీద వస్తాడు. కంప్యూటర్ కంపెనీ నుంచి అనగానే అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"మేడమ్, చెకింగా?"

"కాదు. ఆదివారం గదా, ఊరికే వచ్చినాను. ఈ నంబరు సంగతి తెలుసుకోవాలని."

అతను లోపలికి చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని మాట్లాడాడు. "కాయలు తోలుకొచ్చేది డ్రైవరు మేడమ్. రైతు తోటలో ఉంటాడు. ఓటీపీ ఆయప్పకు పోతాది. డ్రైవరు ఫోన్ చేస్తాడు, ఆయప్ప ఎత్తడు. కోతలో ఉంటాడు, లేదా కొండ పక్కన సిగ్నల్ ఉండదు. ఎత్తి, మెసేజి చదివి చెప్పేలోపల టైము అయిపోతాది. మళ్ళా పంపించాల. మూడుసార్లు తప్పితే లోడు ఎనక్కి పొమ్మంటాది సిస్టమ్. ఎనక్కి పోతే మళ్ళా వరస చివర నిలబడాల, ఒకటిన్నర రోజు. ఎండకు కాయలు ఏమైతాయి? పోయినేడు ఒకాయప్ప ఈ గేటు ముందరే ట్రాలీ మొత్తం రోడ్డు పక్కన కుమ్మరించి పోయినాడు."

"మీ నంబరే పెట్టొచ్చు గదా."

"స్టాఫ్ నంబర్లు ఎక్కనీదు మీ సిస్టమ్." 

అది అనీసా రాసింది కాదు. ఇంకెవరో రాశారు, వాళ్ళకూ ఏదో టికెట్ వచ్చి ఉంటుంది.

"అందుకే కుప్పమ్మ నంబరు. ఆమె పొద్దస్తమానం ఈడే ఉంటాది. ఈ సీజను మొదట్లో పేర్లు ఎక్కించేటప్పుడు రైతులకు చెప్పే పెట్టినాను. ఒప్పుకోనోళ్ళవి వాళ్ళ నంబర్లే ఉండాయి. ఒక్క లోడు కూడా తారుమారు కాలేదు మేడమ్, కావాలంటే చూసుకోండి."

పక్కన నిలబడి వింటున్న కుప్పమ్మ కల్పించుకుంది. "తొంబై లెక్కపెట్టేలోపల సెప్పెయ్యాలంట మా. ఎవుడు పెట్టినాడో ఆ మహానుబావుడు!"

"నేనే పెట్టినాను" అంది అనీసా.

కుప్పమ్మ ఆమెను కింద నుంచి పైదాకా చూసింది. వెటకారమనుకుంది మొదట. తర్వాత కాదని అర్థమైనట్టుంది.

"నీకు అంత తొందరేంది మా?" అంది. కోపమేమీ లేదు ఆ గొంతులో. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

అనీసా పర్సు తీసింది. తిన్నదానికి ఇవ్వబోతే కుప్పమ్మ తీసుకోలేదు. అక్కడి నుంచి టైలరు దగ్గరికి పోయారు. గౌస్ మొహిద్దీన్ మిషన్ విప్పి, పళ్ళచక్రం అరిగిందని చూపించి, వేరేది వేసి, నాలుగు కుట్లు కుట్టి చూసి లేచాడు. గంట పట్టింది. అనీసా అంతసేపూ బయట మెట్ల మీద కూర్చుని, బుధవారం దాకా ఎన్ని గంటలున్నాయో లెక్క వేసుకుంటూ ఉంది.

సోమవారం యోగానందతో విడిగా మాట్లాడింది. ఆయనది కుప్పం. ఇద్దరే ఉన్నప్పుడు తెలుగులోనే మాట్లాడుకుంటారు. చెడ్డవాడు కాదు. పదకొండేళ్ళుగా అదే కంపెనీలో ఉన్నాడు.

"నువ్వు సైటుకు పోయినావా?"

"మా ఇంటికి దగ్గరే. ఆదివారం."

"పర్మిషన్ లేకుండా?"

"దోసె తినేదానికి పోయినాను."

యోగానంద నవ్వాడు. వెంటనే ఆపేశాడు. "పోయినట్టు ఎక్కడా రాయొద్దు. క్లయింట్ సైటు అది. మన ఇద్దరికీ లేనిపోనిది చుట్టుకుంటాది. సరే, ఏం చెయ్యాలంటావు?"

తొంభైని పదిహేను నిమిషాలు చెయ్యాలని, అది అయ్యేదాకా సైట్ ఏడుకు ఈ కొత్త రూల్ పెట్టొద్దని ఆమె చెప్పింది. యోగానంద శ్రద్ధగానే విన్నాడు. పదిహేను నిమిషాలంటే సెక్యూరిటీ వాళ్ళు ఒప్పుకోవాలి. ఆ కమిటీ రెండు వారాలకొకసారి కూర్చుంటుంది, ముందు ఫారం పెట్టుకోవాలి. సైట్ ఏడుకు మినహాయింపు కావాలంటే క్లయింట్ సంతకం కావాలి. మంగళవారం కాల్ ఉంది కదా, అక్కడ అడుగుదాం అన్నాడు.

ఆ కాల్‌లో తొమ్మిది మంది ఉన్నారు. క్లయింట్ తరఫున చెన్నై నుంచి స్టెల్లా అనే ఆవిడ. పండ్ల కొనుగోలు వ్యవహారమంతా ఆవిడే చూస్తుంది. మినహాయింపు మాట వినగానే సూటిగా అడిగింది.

"ఆ నంబరు ఎవరిది? ఎవరు ఎక్కించారు?"

అడగవలసిన ప్రశ్నే. జవాబు చెప్తే మినహాయింపు దొరకవచ్చు. మునిశేఖర్ పేరు మాత్రం ఆ సాయంత్రానికి ఇంకో పట్టికలోకి ఎక్కుతుంది. తెర మీద తొమ్మిది చదరాలు, ఎవరూ కదలడం లేదు. అనీసా మ్యూట్ తీసింది.

"ఎవరు ఎక్కించారో చెప్పలేను. ఎందుకు ఎక్కించాల్సి వచ్చిందో చెప్పగలను. ఓటీపీ తొంభై సెకన్లే చెల్లుతుంది. లోడు తెచ్చేది డ్రైవరు, ఫోను తోటలో ఉండే రైతుది. ఆ టైముకు చెప్పడం కుదరదు. ఆ తొంభై మీరు అడిగింది కాదు. ఎవరూ అడగలేదు. నేను పెట్టాను."

స్టెల్లా, "తొంభై అని మాకు తెలియదే" అంది, కాస్త ఆశ్చర్యంగా.

"మేం చెప్పలేదు. తప్పు నాదే."

ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. నిజానికి అనీసా రాత్రంతా తయారు చేసుకున్న మాటలన్నీ మిగిలిపోయాయి. యోగానంద థాంక్స్ చెప్పాడు. ఇంకెవరో బొటనవేలు బొమ్మ పంపారు. టైము పెంచే పని వేరుగా చేద్దామని, ఆడిట్ మాత్రం ఆగదు కాబట్టి రూల్ అనుకున్నట్టే బుధవారం పెట్టాలని స్టెల్లా తేల్చింది. మినహాయింపు లేదు. కాల్ ఐదు నిమిషాల ముందే ముగిసింది.

తప్పు ఒప్పుకున్నందుకు అనీసాకు ఒక ఫారం వచ్చింది. జరిగిందానికి మూలకారణం కనిపెట్టే ఫారం అది. "ఎందుకు?" అని అడుగుతుంది, జవాబు రాస్తే దానికి మళ్ళీ "ఎందుకు?" అంటుంది, అట్లా ఐదుసార్లు. ఐదో గడిలో ఆమె "ఆకలేసింది కాబట్టి" అని రాసింది. అదే నిజం. తర్వాత కొట్టేసి, "స్పెసిఫికేషన్‌లో వివరం లేదు కాబట్టి" అని రాసి పంపింది. ఫారం ఆమోదం పొందింది.

రూల్ రాయడానికి నలభై నిమిషాలు పట్టింది. పరీక్షలన్నీ ఒకేసారి పాసయ్యాయి. మంగళవారం సాయంత్రం ఐదు గంటలకు ఆమె మునిశేఖర్‌కు ఫోన్ చేసింది.

"రేపు పొద్దున ఎనిమిది నుంచి కుప్పమ్మ నంబరు పనిచెయ్యదు."

అవతల లారీ హారన్లు వినిపిస్తున్నాయి. "మొత్తానికి ఆపేస్తారా మేడమ్?"

"ఒక నంబరు మీద ఐదుగురే ఉండచ్చు. ఐదుకు మించితే ఆపేస్తాది."

"ఐదుగురా?"

"ఐదుగురు."

"సరే మేడమ్. చూస్తాం" అన్నాడు అతను.

ఫోన్ పెట్టేసింది. ఆ ఐదు మాట చెప్పడం కూడా తప్పే. ఏ లెక్కన మోసం పట్టుకుంటామో బయటివాళ్ళకు చెప్పకూడదని ఆమె పాసైన పరీక్షలోనే ఉంది. మాట జారిందని ఆమె తనను తాను నమ్మించుకోలేదు. తెలిసే చెప్పింది.

బుధవారం ఎనిమిదికి రూల్ నడవడం మొదలైంది. అనీసా తెర ముందు కూర్చుంది. తొమ్మిదికల్లా సైట్ ఏడు వరస ఎర్రబడింది. ఇరవై నాలుగు సెకన్లు కాస్తా నాలుగు నిమిషాలు, తొమ్మిది నిమిషాలు, పదమూడు నిమిషాలైంది. మూడు లోడ్లు వెనక్కి పోయాయి. అంతకు ముందైతే ఆమెకు అది తెర మీద ఒక అంకె మాత్రమే. ఇప్పుడు ఆ వెనక్కి పోయిన ట్రాక్టరు ఎక్కడ తిప్పుకుంటుందో, ఎంతదూరం పోయి నిలబడుతుందో, ఏ నీడలో డ్రైవరు గోనెపట్టా పరుచుకుంటాడో ఆమెకు తెలుసు. కింది నుంచి వాళ్ళమ్మ బషీరా టిఫిన్‌కు పిలిచింది. దిగలేదు.

పదకొండు దాటాక సగటు తగ్గసాగింది. పన్నెండుకు రెండు నిమిషాలు. రెండు గంటలకు ముప్పై ఒక్క సెకన్లు. వరస మళ్ళీ పచ్చబడింది.

అనీసా పట్టిక తెరిచి చూసింది. కొత్త ఫోన్ నంబర్లు వరసగా ఎక్కుతున్నాయి. ఒక్కో నంబరు కింద ఐదుగురు రైతులు. సరిగ్గా ఐదుగురే, నలుగురు కాదు, ఆరుగురు కాదు. సాయంత్రానికి అట్లాంటి నంబర్లు నూటముప్పై దాటాయి.

కుప్పమ్మకు ఫోన్ చేస్తే వెంటనే ఎత్తింది, ఆ నంబరుకు ఇప్పుడు వేరే పనిలేదు కదా.

"వరసలో ఉండే డ్రైవర్లందురూ ఇచ్చినారు మా నంబర్లు. ఎట్లా ఒకటిన్నర రోజు ఈడనే గదా పడుండేది. దోసెలు తినేదానికి వచ్చేటోళ్ళు ఇచ్చినారు. కరెంటాయన ఇచ్చినాడు. ఎవురికొస్తే వాళ్ళు నా కాడికొచ్చి అరుస్తారు, నేను రాస్తా. ఒకేసారి నలుగురు అరిస్తే నాకు సెవులు గింగురుమంటాయి. అదొక్కటే."

"నంబర్లు ఎవరు ఎక్కిస్తా ఉండారు?"

"మునిశేఖరే. పొద్దన్నుంచి నీళ్ళు కూడా తాగలా. ఒకాయప్ప కాయలు మాత్రం పొయినాయి మా, పొద్దన్నే ఎనక్కి పొయినోడివి. ఏం సేస్తాం."

మరుసటి రోజు యోగానంద ఫోన్ చేశాడు. వేరే విషయాలు మాట్లాడి చివర్లో అడిగాడు.

"సైట్ ఏడులో కొత్తగా ఎక్కిన ప్రతి నంబరు కిందా సరిగ్గా ఐదే ఉండాయి, చూసినావా?"

"చూసినాను."

"అంటే రూల్ పనిచేస్తా ఉండాది."

"పనిచేస్తా ఉండాది."

"సరే అయితే" అని పెట్టేశాడు.

మోసాలు కనిపెట్టే టీము నెలాఖరు నివేదికలో, పదమూడు వందల ఎనభై ఆరు అనుమానపు కేసులు సున్నాకు దిగాయని రాశారు. ఆ పని చేసినందుకు అనీసాకు జూలైలో ఒక ప్రశంసాపత్రం మెయిల్‌లో వచ్చింది. పేరులో ఒక అక్షరం తప్పు పడింది. ఆమె వాళ్ళ నాన్నకు చూపించలేదు.

టైము పెంచే ఫారం మూడు కమిటీలు తిరిగింది. పదిహేను నిమిషాలు ఎక్కువని ఒక కమిటీ అంది, ఐదు చాలని ఇంకోటి అంది. చివరికి పది అన్నారు. అది ఆగస్టు పన్నెండున అమల్లోకి వచ్చింది. అప్పటికి కాయలు అయిపోయి మూడు వారాలైంది. ఆ రోజు సైట్ ఏడుకు ఒక్క లోడు కూడా రాలేదు.

అక్కడితో అయిపోయేదే. కానీ ఆ రోజు కాల్‌లో ఉన్న తొమ్మిది మందిలో ఎవరో, గేట్ల దగ్గర జరిగేది మనవాళ్ళకు తెలియడం లేదని పై వాళ్ళ దగ్గర మాట ఎత్తినట్టున్నారు. ప్రతి ఇంజనీరూ ఏడాదికొకసారి సైటుకు పోయి చూసి రావాలని కొత్త పథకం వచ్చింది. దానికి ఒక పేరు, ఒక బొమ్మ, పేర్లు నమోదు చేసుకునే ఫారం. ఇంటికి దగ్గర కాబట్టి మొదటి పర్యటన బాధ్యత అనీసాకే అప్పగించారు. సెప్టెంబరు మూడో వారం తప్ప వేరే తేదీ కుదరలేదు.

బెంగుళూరు నుంచి ఏసీ బస్సులో పదకొండు మంది వచ్చారు. ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ గుణశేఖర్ దండలతో కాకపోయినా దాదాపు అంత మర్యాదగా పలకరించి, కడిగి ఆరబెట్టిన మిషన్లన్నీ తిప్పి చూపించాడు. ఒక్క కాయ కూడా లేదు. రోడ్డు పక్కన వరస ఉండే చోట మేకలు తిరుగుతున్నాయి. మునిశేఖర్ పుత్తూరులో బట్టలంగట్లో చేరాడని, కుప్పమ్మ ఊరికి పోయిందని గుణశేఖర్ చెప్పాడు. వచ్చే సీజనుకు మునిశేఖర్‌ను పిలుస్తారా అని అనీసా అడిగితే, "చూడాల. మంచోడే" అన్నాడు.

గేటు గది చూడటానికి ఇద్దరిద్దరుగా లోపలికి పోయారు. కొత్తగా చేరిన ఒక అమ్మాయి నోటు పుస్తకం తెచ్చుకుంది, అన్నీ రాసుకుంటోంది.

"ఓటీపీ పది నిమిషాలు కదా. ఎందుకు పది పెట్టారు?"

"పదిహేను అడిగాం. పది ఇచ్చారు" అంది అనీసా.

"అడిగింది ఎవరు?"

"నేనే."

ఆ అమ్మాయి అదీ రాసుకుంది.

"లోడు రాగానే పది నిమిషాల్లో లోపలికి పోతుందన్నమాట" అంది గుణశేఖర్ వైపు తిరిగి.

"గేటు దాకా వచ్చినాక పోతాది మేడమ్" అన్నాడు ఆయన. "గేటు దాకా వచ్చేదానికి ఒకటిన్నర రోజు, ఒక్కోసారి రెండ్రోజులు."

"అది సిస్టమ్‌లో ఎక్కడ కనిపిస్తుంది?"

గుణశేఖర్ అనీసా వైపు చూశాడు.

"ఎక్కడా కనిపించదు" అంది అనీసా. "గేటు దగ్గర టోకెన్ ఎక్కించినప్పటి నుంచే మనకు లెక్క మొదలవుతుంది."

"మరి దానికి టికెట్ వెయ్యొచ్చు కదా?"

"వెయ్యి" అంది అనీసా. "నా పేరు కూడా పెట్టు."

భోజనాలయ్యాక గేటు ముందు నిలబడి గ్రూప్ ఫోటో తీసుకున్నారు. మూడు గంటలకు ఏసీ బస్సు బెంగుళూరు వైపు బయల్దేరింది. అనీసా ఇల్లు అటు కాదు. రోడ్డు దాటి అవతల నిలబడింది. పావుగంటకు చిత్తూరు బస్సు వచ్చింది, చెయ్యెత్తితే ఆపారు.

"ఫ్యాక్టరీలో పనా మా?" అని కండక్టరు టికెట్ కొడుతూ అడిగాడు.

"అవును" అంది ఆమె, కిటికీ పక్కకు జరిగి కూర్చుంటూ.